కారవాన్ నేలలో చెమ్మ: ఆరబెట్టడమా, రెజిన్ ఎక్కించడమా, కోసి మార్చడమా?

కారవాన్ (కారు వెనుక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు) తలుపు దగ్గర అడుగు వేయగానే నేల కొంచెం కిందికి దిగినట్టు అనిపిస్తుంది. లేదా మంచం కింది అరను చాలా రోజుల తరువాత తెరిస్తే ముక్కిన వాసన గుప్పుమంటుంది. లేదా వినైల్ షీటు అంచున ఇంతకు ముందు లేని నల్లటి మరక కనిపిస్తుంది. వీటిలో ఏది ఎదురైనా యజమాని ముందున్న దారులు ఇంచుమించు ఒకటే: ఆరబెట్టి ఊరుకోవడం, రెజిన్ (పోశాక గట్టిపడే ద్రవ జిగురు) ఎక్కించడం, పాత నేల మీద కొత్త ప్లైవుడ్ పరచడం, పాడైన మేరకు కోసి మార్చడం, నేలంతా మార్చడం. వీటిలో ఏది మంచిదని అడిగితే అందరికీ సరిపోయే జవాబు లేదు గాని, ఏది ఎప్పుడు పనికిరాదో మాత్రం కచ్చితంగా చెప్పవచ్చు. ఎంపికను తేల్చేవి రెండే ప్రశ్నలు. నీరు ఎక్కడి నుంచి వస్తోంది? నేలలో పోయింది జిగురు పట్టా, చెక్క సత్తువా? ఈ రెండూ తెలియకుండా కొన్న సామగ్రి ఎంత ఖరీదైనదైనా వృథాయేనని నా సొంత కారవాన్ మీద తెలుసుకున్నాను. ఆ సంగతి దాని చోట చెబుతాను.

నేల ఎలా నిలబడుతుంది

చాలా టూరింగ్ కారవాన్ల నేల ఒకే పలక కాదు. పైన పలుచని ప్లైవుడ్, కింద మరో పలుచని ప్లైవుడ్, మధ్యలో పాలిస్టైరిన్ నురుగు ఉంటాయి. ఆ నురుగు మనం థర్మోకోల్ అని పిలిచే పదార్థమే కావచ్చు, లేదా అదే జాతికి చెందిన, గింజలు కనిపించకుండా చిక్కగా తయారైన పలక కావచ్చు. అంచుల వెంట, మధ్యలో అక్కడక్కడా చెక్క బద్దెలు ఉంటాయి. మొత్తం మందం సాధారణంగా మూడు నాలుగు సెంటీమీటర్లే. రెండు ప్లైవుడ్ పొరలూ నురుగుకు గట్టిగా అతుక్కుని ఉన్నంత కాలం ఇంత పలుచని కూర్పు కూడా మనుషుల బరువును సులువుగా మోస్తుంది, ఎందుకంటే అడుగు పడినప్పుడు పై పొర నొక్కుడును, కింది పొర సాగుడును తీసుకుంటాయి, నురుగు ఆ రెండింటినీ కదలకుండా పట్టి ఉంచుతుంది. అతుకు ఊడిందంటే పై పొర సుమారు 5 మి.మీ. మందమున్న ఒంటరి పలకగా మిగిలిపోయి, ప్రతి అడుగుకూ వంగి లేస్తూ, చుట్టుపక్కల అతుకును కూడా ఊడదీస్తూ పోతుంది. అందువల్ల మెత్తటి మచ్చ ఎప్పుడూ ఉన్నచోట ఉండదు, పెరుగుతుంది.

తేలికపాటి చట్రం మీద కట్టిన కారవాన్లలో నేలను చట్రానికి బోల్టులతో బిగిస్తారు, చట్రం బిగువులో నేలకు కూడా వాటా ఉంటుంది. కాబట్టి ఇది కాలికి మెత్తగా తగిలే అసౌకర్యం మాత్రమే కాదు, రోడ్డు మీద భద్రతకు సంబంధించిన విషయం. ఇటీవలి కొన్ని నమూనాల్లో నేల అడుగున ఫైబర్‌గ్లాస్ పొర, చెక్కకు బదులు ప్లాస్టిక్ బద్దెలు వాడుతున్నారు. మీది అటువంటిదైతే కింది నుంచి కుళ్ళే భయం చాలావరకు తగ్గుతుంది గాని, లోపలి నుంచి కారే నీటి విషయంలో కింద చెప్పినదంతా వర్తిస్తుంది.

ముందుగా తేల్చుకోవలసినది: జిగురు పోయిందా, చెక్క పోయిందా

ఈ రెండింటినీ కలగలిపి చూడడం వల్లనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. తలుపు లోపలి వైపున, వంటగట్టు ముందు, అంటే మనుషులు ఎక్కువగా నిలబడే చోట నేల మెత్తబడి, నడిస్తే కిర్రుమంటూ, తేమ మీటరులో మాత్రం పొడిగానే కనిపిస్తే అది చాలావరకు వాడకం వల్ల జిగురు పట్టు వదలడమే. అక్కడ నీటికి సంబంధం ఉండకపోవచ్చు. అదే మెత్తదనం గోడ వెంట, మూలల్లో, చక్రాల గూళ్ళ చుట్టూ, స్నానపు తొట్టె అంచున, అంటే ఎవరూ నడవని చోట కనిపిస్తే నీటినే అనుమానించాలి.

రెండు సూదుల తేమ మీటరు ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. చెక్కలో తేమ 15 శాతం లోపు ఉంటే ఆందోళన అక్కరలేదు. 15 నుంచి 20 వరకు ఉంటే కొన్ని వారాల తరువాత మళ్ళీ కొలవాలి. 20 దాటితే నీరు చేరుతోందని భావించి వెతకాలి. 30 దగ్గరకు వచ్చిందంటే చెక్క కణాల గోడలు తాగగలిగినంత నీరు తాగేశాయని అర్థం, ఆ స్థితి కొనసాగితే కుళ్ళు శిలీంధ్రాలు హాయిగా పెరుగుతాయి. అయితే మీటరు అంకెను వేదవాక్కుగా తీసుకోకూడదు. రేకు పూత ఉన్న చోట, లోహపు స్క్రూకు దగ్గరగా, లోపలి నురుగును తాకేంత లోతుగా సూదులు దిగిన చోట అంకె తప్పుగా వస్తుంది. నేను అంకె కన్నా తేడాకు ఎక్కువ విలువ ఇస్తాను: అదే కారవాన్‌లో, అదే రోజు, కచ్చితంగా పొడిగా ఉందని తెలిసిన చోట 11 వచ్చి, అనుమానం ఉన్న చోట 19 వస్తే, ఆ ఎనిమిది అంకెల తేడాయే అసలు సమాచారం. వినైల్ మధ్యలో సూదులు గుచ్చి కొత్త చిల్లులు చేయకండి. అరల లోపల, మంచాల కింద, సామాను బిగింపుల వెనుక ప్లైవుడ్ బయటికి కనిపించే చోట్లు చాలినన్ని ఉంటాయి. కొలిచిన ప్రతి చోటా పెన్సిలుతో గుర్తు, పక్కన అంకె, తేదీ రాసి ఉంచండి. ఆ పటం తరువాతి ప్రతి నిర్ణయంలోనూ అక్కరకు వస్తుంది.

మీటరు తేమను చెబుతుంది గాని చెక్క బలాన్ని చెప్పదు. దానికి పాత పద్ధతే మేలు. సన్నని స్క్రూడ్రైవర్ మొనతో మోస్తరుగా నొక్కాలి. బాగున్న ప్లైవుడ్ మీద చిన్న గాటు పడి ఆగిపోతుంది. పోయిన ప్లైవుడ్‌లోకి మొన తడి అట్టలోకి దిగినట్టు దిగిపోతుంది, పొరలు పొరలుగా విడిపోతుంది. పైనుంచి ఎంత జాగ్రత్తగా చూశారో కారవాన్ అడుగున కూడా అంతే జాగ్రత్తగా చూడాలి, ముఖ్యంగా చక్రాల వెనుక, పక్క గోడ నేలతో కలిసే అంచు పొడవునా. కిందికి దూరే ముందు కారవాన్‌ను భారం మోయగల స్టాండ్ల మీద నిలపాలి. మూలల్లో దించే కాళ్ళు కారవాన్ ఊగకుండా ఆపడానికే గాని, మనిషి కింద పడుకున్నప్పుడు దాన్ని మోయడానికి కాదు.

నీటి దారి వెతకడం

నేలలో చెమ్మ కనిపించిందంటే నీరు నేల దగ్గరే దూరిందని అర్థం కాదు. గోడ పైన గుడారం తగిలించే రెయిలు వెంట ఉండే స్క్రూల పక్క నుంచి, కిటికీ చట్రం నుంచి, పైకప్పు గవాక్షం నుంచి, బయట పట్టుకునే పిడుల వెనుక నుంచి దూరిన నీరు గోడ లోపలి బద్దెల వెంట దిగి, అడుగు బద్దెలో చేరి, అక్కడి నుంచి నేల అంచులోకి ఇంకుతుంది. కాబట్టి గోడ పక్కనే పొడవాటి గీతలా చెమ్మ ఉంటే గోడను కింది నుంచి పైదాకా కొలవండి. తేమ పైకి వెళ్ళేకొద్దీ తగ్గకుండా కొనసాగితే జబ్బు గోడది, నేల దాన్ని బయటపెట్టింది అంతే. గోడను వదిలి నేలను మాత్రమే బాగుచేయించిన పని ఎక్కువ కాలం నిలవదు.

చెమ్మ ఎప్పుడు పెరుగుతోందో గమనిస్తే సగం వెతుకులాట తగ్గుతుంది. నిలిపి ఉంచిన కారవాన్‌లో వాన కురిసిన తరువాత అంకె పెరిగితే దారి పైనుంచి. తడి రోడ్డు మీద లాక్కెళ్ళిన తరువాతే పెరిగితే చక్రాలు చిమ్మిన నీరు అడుగు నుంచో చక్రాల గూటి అతుకు నుంచో వస్తోంది. వాన లేకపోయినా, కదలకపోయినా, లోపల నీళ్ళు వాడిన రోజుల్లో పెరిగితే గొట్టాలు, నీళ్ళు వేడిచేసే పెట్టె, వాడిన నీరు పోయే దారి, స్నానపు తొట్టెలో సన్నని పగులు చూడాలి. పీడనం తగ్గగానే దానంతట అది తిరిగే పంపు మీ కారవాన్‌లో ఉంటే, కుళాయిలన్నీ కట్టేసి పంపును వేసి ఉంచండి. ఎవరూ నీళ్ళు వాడకుండానే అది అప్పుడప్పుడు ఒక్క క్షణం తిరిగి ఆగుతుంటే ఎక్కడో అతుకు కారుతున్నట్టే, లేదా పంపు లోపలి కవాటం నీటిని వెనక్కు వదులుతున్నట్టు. ఈ మూడు సందర్భాల్లో దేనిలోనూ ప్రత్యేకంగా పెరగకుండా, చల్లటి రాత్రుల తరువాత మూలల్లోనూ పరుపుల కిందా మాత్రమే తడి కనిపిస్తే అది లోపలి గాలిలోని ఆవిరి చల్లని చెక్క మీద నీరుగా మారడమే కావచ్చు. దానికి గాలి ఆడనివ్వడమే మందు, నేలను కోయవలసిన పని లేదు.

హామీ కాలం ఇంకా మిగిలి ఉందేమో ఈ దశలోనే చూసుకోవాలి. చాలా తయారీ సంస్థలు నీరు చొరబడడంపై ప్రత్యేకమైన, దీర్ఘమైన హామీ ఇస్తాయి. దానికి ఏటా తేమ పరీక్షతో కూడిన సర్వీసు చేయించాలన్న షరతు ఉంటుంది. మీ చేత్తో ఒక్క రంధ్రం వేసినా ఆ హామీ పోవచ్చు కనుక, డ్రిల్ పట్టుకునే ముందు ఆ కాగితాలు చదవండి.

ఆరబెట్టే సాధనాల మధ్య ఎంపిక

నీటి దారి మూసిన తరువాత, ఏ మరమ్మతు ఎంచుకున్నా చేయక తప్పనిది ఆరబెట్టడం. మొదటి పని వినైల్‌ను ఎత్తడం. అది ప్లైవుడ్ మీద మూతలా పనిచేస్తుంది. దాన్ని అలాగే ఉంచి ఎంత గొప్ప యంత్రం నడిపినా గాలి ఆరుతుంది గాని చెక్క ఆరదు. అరల తలుపులు తెరిచి, పరుపులు బయట పెట్టి, తడిచిన చోటికి నేరుగా గాలి తగిలేలా చిన్న ఫ్యాను పెట్టాలి.

తేమ తీసే యంత్రాలలో రెండు రకాలు దొరుకుతాయి. కంప్రెసర్ ఉన్నది చల్లని తీగచుట్ట మీద ఆవిరిని నీరుగా మారుస్తుంది. వెచ్చని గాలిలో తక్కువ కరెంటుతో ఎక్కువ నీరు లాగుతుంది, కాని ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ దగ్గరకు పడిపోతే తీగచుట్ట మీద మంచు పేరుకుని దాని పని బాగా మందగిస్తుంది. తేమను పీల్చే గుళికల చక్రంతో పనిచేసే రెండో రకం కరెంటు ఎక్కువ తింటుంది, అయితే చలిలో కూడా చక్కగా పనిచేస్తుంది, గాలిని కొన్ని డిగ్రీలు వెచ్చబరుస్తుంది, బరువు కూడా తక్కువ. చల్లగా ఉండే కాలంలో, వేడి లేని చోట నిలిపిన కారవాన్‌కు నేను రెండో రకాన్నే సూచిస్తాను. వెచ్చని వాతావరణంలో మొదటిది చాలు. డబ్బాల్లో వచ్చే కాల్షియం క్లోరైడ్ గుళికలు మూసి ఉన్న అరలో గాలిని పొడిగా ఉంచడానికి పనికొస్తాయి, తడిసిన ప్లైవుడ్‌ను ఆరబెట్టడానికి చాలవు.

ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. పొగగొట్టం లేని గ్యాస్ హీటరును లోపల పెట్టి నేలను ఆరబెట్టాలనుకోవద్దు. ఒక కిలో ప్రొపేన్ మండితే సుమారు 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది, అదంతా మీరు ఆరబెట్టాలనుకున్న గదిలోకే వస్తుంది. దానితో పాటు కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం కూడా ఉంది.

ఎంత కాలం పడుతుందంటే రోజులు కాదు, వారాలు. వారానికొకసారి అవే గుర్తుల దగ్గర కొలుస్తూ పోవాలి. అంకె 15 లోపుకు దిగి రెండు వారాలు అక్కడే నిలిస్తే, స్క్రూడ్రైవర్ పరీక్షలో చెక్క గట్టిగా ఉంటే, నడిచినప్పుడు కదలిక లేకపోతే అక్కడితో ఆపవచ్చు. సమస్యను తొందరగా పట్టుకున్న యజమానికి ఇదే సరైన ఎంపిక, ఇంకేదో చేయాలనే ఆత్రం అక్కరలేదు. బోరాన్ లవణాలతో తయారైన చెక్క రక్షక ద్రావణాన్ని ఒకసారి పూస్తే మిగిలిన శిలీంధ్రాలకు అడ్డుపడుతుంది. అది నీటిలో కరిగేది కనుక తరువాత మళ్ళీ తడవని చోటే దాని రక్షణ నిలుస్తుంది. మరో సంగతి మరవకూడదు: ఆరితే కుళ్ళు ఆగుతుంది, కాని అప్పటికే పోయిన బలం తిరిగి రాదు.

రెజిన్ ఎక్కించడం

చెక్క పొడిగా, గట్టిగా ఉండి, నురుగుతో అతుకు మాత్రమే ఊడిన నేలకు ఇది అన్నిటికన్నా తేలికైన, చాలా మంచి పద్ధతి. మెత్తబడిన మేర మీద, దాని చుట్టూ ఒక జానెడు అదనంగా, 10 నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో వరుస తప్పించి రంధ్రాలు వేస్తారు. డ్రిల్ మొనకు లోతు ఆపే తొడుగు తప్పనిసరి, ఎందుకంటే పై పొరను, నురుగును దాటి కింది ప్లైవుడ్‌ను చీల్చితే రెజిన్ అంతా నేల మీద కారిపోవడమే కాక, రోడ్డు నీటికి కొత్త దారి ఏర్పడుతుంది. పక్క రంధ్రంలో రెజిన్ కనిపించేదాకా సిరంజితో ఎక్కించి, చెక్క మేకులు దించి, పైన ప్లాస్టిక్ కాగితం, దాని మీద చదునైన పలక, ఆ పైన సమంగా బరువు పెట్టి కనీసం ఒక రోజు వదిలేయాలి. ఆ పైన మేకుల తలలు కోసి నున్నగా చేస్తారు.

ఇక్కడ రెజిన్ రకం ఎంపిక మిగతా అన్నిటికన్నా ముఖ్యం. పడవల మరమ్మతుకు వాడే పాలియెస్టర్ రెజిన్ చవకగా దొరుకుతుంది, కాని అందులోని స్టైరీన్ పాలిస్టైరిన్ నురుగును కరిగించేస్తుంది. దాన్ని నేలలోకి ఎక్కిస్తే అతుకు పడవలసిన చోట గుల్ల మిగులుతుంది. పాలిస్టైరిన్ నేలకు ఎపాక్సీయే తగినది. అది కూడా మరీ చల్లని రోజున గట్టిపడదు, డబ్బా మీద రాసిన కనిష్ఠ ఉష్ణోగ్రతను పాటించాలి. గట్టిపడని ఎపాక్సీ చర్మానికి తగిలితే జీవితాంతం వదలని అలర్జీ రావచ్చు కనుక నైట్రైల్ చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు.

తడి నేలకు మాత్రం ఈ పద్ధతిని ఎంత మాత్రం ఎంచుకోవద్దు. తడి చెక్కను ఎపాక్సీ సరిగా పట్టదు. పట్టినచోట తేమ బయటికి వచ్చే దారులను మూసేస్తుంది. పైగా రెజిన్ గడ్డకట్టిన నేలను తరువాత కోసి మార్చవలసి వస్తే ఆ పని రెట్టింపు కష్టమవుతుంది. చెక్కలోకి ఇంకే పలుచని ఎపాక్సీ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. పై పొర అంచున అరచెయ్యంత మేర కొంచెం మెత్తబడి, పూర్తిగా ఆరి, బరువు పడని చోట ఉంటే అది పనికొస్తుంది. కాలు పడే చోట కుళ్ళిన ప్లైవుడ్‌ను దానితో బతికించాలనుకోవడం సరికాదు, ఎందుకంటే పై పొర గట్టిపడినట్టు కనిపించినా నురుగుతో అతుకు తిరిగి రాదు.

పైన కొత్త ప్లైవుడ్ పరచడం

అన్ని దారుల్లోకీ ఆకర్షణీయంగా కనిపించేది, నేను గట్టిగా వద్దని చెప్పేది ఇదే. నా కారవాన్ తలుపు దగ్గర నేల మెత్తబడినప్పుడు, వాడకం వల్ల వచ్చిన మెత్తదనమే అనుకుని, కొలవకుండానే 9 మి.మీ. ప్లైవుడ్ పలకను జిగురుతో, స్క్రూలతో పరిచాను. అడుగు గట్టిగా తగిలింది, తృప్తి కలిగింది. నిజానికి తలుపు పైనున్న రెయిలు వెంట నీరు దిగుతోంది. రెండేళ్ళ తరువాత గోడ అంచున మరక కనిపించి పలకను ఊడదీస్తే, కింద పాత ప్లైవుడ్ రెండు పొరలూ, అంచు బద్దె మీటరు పొడవునా నల్లగా పిండి అయిపోయి ఉన్నాయి. మొదట అర చదరపు మీటరులో తీరవలసిన పని నాలుగింతలైంది. పైకి ఆరే ఒక్క దారినీ నేనే మూసేశాను.

చెమ్మ సంగతి పక్కన పెట్టినా దీనికి ఇతర ఇబ్బందులున్నాయి. 9 మి.మీ. ప్లైవుడ్ చదరపు మీటరుకు సుమారు ఐదారు కిలోలు తూగుతుంది. నడిచే మేరంతా పరిస్తే ఇరవై కిలోలకు పైగా చేరుతుంది. చాలా టూరింగ్ కారవాన్లలో సామానుకు మిగిలే బరువు పరిమితి ఒకటి రెండు వందల కిలోలకు మించదు కనుక ఆ ఇరవై చిన్న లెక్క కాదు. కింది అరల తలుపులు తెరుచుకోక పైపలక అంచుకు తగులుతాయి. నేలలో గ్యాస్ బయటికి పోవడానికి వదిలిన రంధ్రాలు మూసుకుపోయే ప్రమాదం వీటన్నిటికన్నా పెద్దది. వంట గ్యాస్ గాలి కన్నా బరువైనది, ప్రొపేన్ సుమారు ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు. లీకైతే అది నేల మీదే పేరుకుంటుంది, ఆ రంధ్రాలే దానికి దారి. ఏ మరమ్మతు చేసినా, ఏ పరుపు పరిచినా వాటిని యథాతథంగా తెరిచి ఉంచాలి.

పరీక్షలో చెక్క పూర్తిగా పొడిగా తేలి, అతుకు మాత్రమే విస్తారంగా ఊడి, రెజిన్‌కు బదులుగా ఎవరైనా దీన్నే కోరుకుంటే 5 లేదా 6 మి.మీ. పలకతో సరిపెట్టవచ్చు. అప్పుడు కూడా రెజిన్ పనే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే పైన పరిచిన పలక కింద ఊడిన అతుకు ఊడినట్టే ఉంటుంది.

కోసి మార్చడం

చెక్క పోయిన చోట దీనికి ప్రత్యామ్నాయం లేదు. చూడడానికి భయం పుట్టించే పని గాని, కొలత, ఓపిక ఉన్న వడ్రంగికి, ఆ మాటకొస్తే శ్రద్ధగా నేర్చుకునే యజమానికి కూడా అసాధ్యం కాదు. ముందుగా బ్యాటరీని, బయటి కరెంటును విడదీసి, గ్యాస్ సిలిండరు కట్టేసి, కోయబోయే చోటు కింద తీగలు, గ్యాస్ గొట్టం, నీటి గొట్టం ఏమున్నాయో అడుగు నుంచి చూసి గుర్తు పెట్టుకోవాలి. రంపం లోతును పై పొర మందానికి సరిగ్గా అమర్చాలి. కుళ్ళు కనిపించిన మేరకే కాక, గట్టి చెక్క మొదలైన తరువాత ఇంకా 10 సెంటీమీటర్లు లోపలికి వెళ్ళి, నలుచదరంగా కోయాలి. బూజు పట్టిన చెక్కను కోసేటప్పుడు ధూళి ఆపే మాస్కు లేకుండా పని చేయకూడదు.

పై పొర తీశాక నురుగు తడిగా ఉందేమో చేత్తో నొక్కి చూడండి. గింజల థర్మోకోల్ గింజల సందుల్లో నీటిని పట్టి ఉంచుతుంది, దాన్ని ఆరబెట్టడం కన్నా తీసేయడం సులువు. దాని స్థానంలో చిక్కని, ఎక్స్‌ట్రూడెడ్ రకం పాలిస్టైరిన్ పలకను ఎంచుకోండి. అది నీటిని చాలా తక్కువగా పీలుస్తుంది, నొక్కుడుకు బాగా నిలుస్తుంది. నురుగు మందం పాతదానితో కచ్చితంగా సరిపోవాలి. ఒక మిల్లీమీటరు తక్కువైనా జిగురు అందదు, ఎక్కువైనా కొత్త ముక్క లేచి నిలుస్తుంది. కుళ్ళిన బద్దెలను కూడా తీసి కొత్తవి వేయాలి. కొత్త ముక్క అంచు గాలిలో వేలాడకూడదు: కింద బద్దె లేని చోట, పాత పొర అంచు కిందికి సగం, బయటికి సగం వచ్చేలా వెడల్పాటి చెక్క పట్టీ జిగురు పెట్టి బిగిస్తే, కొత్త పలక ఆ బయటి సగం మీద కూర్చుంటుంది. ఈ ఒక్క వివరాన్ని నిర్లక్ష్యం చేసిన మరమ్మతులే కొన్నాళ్ళకు అంచుల వెంట మళ్ళీ కిర్రుమంటాయి.

ప్లైవుడ్‌లో మెరైన్ రకమే కావాలా అన్నది తరచూ వచ్చే సందేహం. మెరైన్ ప్లైవుడ్‌కు నీటికి విడిపోని జిగురు, లోపల ఖాళీలు లేని పొరలు ఉంటాయి. అంతే గాని దాని చెక్క కుళ్ళకుండా ఉండదు. నీటి దారి సరిగా మూసిన చోట నీటిని తట్టుకునే జిగురుతో చేసిన మామూలు బయటి వాడకపు ప్లైవుడ్ పై పొరకు చాలు. అడుగు పొరకు, చక్రాల దగ్గరి ముక్కలకు మెరైన్ రకానికే ఖర్చు పెట్టండి. ఏది వేసినా కోసిన అంచులకు ఎపాక్సీ పట్టించడం మానవద్దు, ప్లైవుడ్ నీరు తాగేది ముఖ్యంగా అంచుల నుంచే.

జిగురు విషయంలో పాలీయురేథేన్ జిగురు నా మొదటి ఎంపిక. అది నురుగును కరిగించదు, గట్టిపడుతూ కొంచెం ఉబ్బి సందులు నింపుతుంది. ఆ ఉబ్బుడు కొత్త ముక్కను పైకి నెట్టేస్తుంది కనుక సమంగా, గట్టిగా బరువు పెట్టి రాత్రంతా కదల్చకుండా ఉంచాలి. ఎపాక్సీ కూడా సరైనదే, ఖర్చు ఎక్కువ. ద్రావకంతో వచ్చే కాంటాక్ట్ జిగుర్లను నురుగు దగ్గరకు రానివ్వకూడదు. చట్రానికి కొత్త రంధ్రాలు వేయడం, వెల్డింగ్ చేయడం పూర్తిగా మానుకోండి. పాత బోల్టు చోట్లనే వాడాలి.

పై పొర బాగుండి అడుగు పొర మాత్రమే పోతే కింది నుంచి కోసి మార్చడం తార్కికమే, లోపలి సామాను కదల్చనక్కరలేదు. అయితే తల మీదికి చేతులెత్తి చేసే పని, బరువుకు బదులు జాకీలతో పలకను నొక్కి పట్టాలి, జిగురు కారుతుంది. సొంతంగా చేయడానికి ధైర్యం చాలనివారు డబ్బు పెట్టి చేయించుకోదగ్గ పని ఇదే.

నేలంతా మార్చడం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. గోడలు, అరలు నేల మీదే నిలబడి ఉంటాయి కనుక దాదాపు కారవాన్‌ను విప్పదీయడమే. రెండు పక్కల అంచులూ, గోడల అడుగు బద్దెలూ పోయిన పాత కారవాన్‌కు ఆ ఖర్చు దాని విలువను దాటిపోతుంది. ప్రత్యేకమైన మమకారం ఉంటే తప్ప, అలాంటిదాన్ని కొనబోయేవారు వెనుదిరగడం మంచిది.

సీలెంట్, అడుగు పూత

నీటి దారులు మూసేందుకు మూడు రకాల సీలెంట్లు ఎదురవుతాయి. రెయిళ్ళు, కిటికీ చట్రాలు, స్క్రూలతో బిగించే ప్రతిదాని వెనుకా గట్టిపడని బ్యుటైల్ మాస్టిక్ వాడాలి. కారవాన్ ఊగుడుకు అది సాగుతుంది, రేపు విప్పవలసి వస్తే విప్పనిస్తుంది. పాలీయురేథేన్ సీలెంట్ అతికే గుణం చాలా ఎక్కువ, నేల అంచు, చక్రాల గూటి అతుకు వంటి మళ్ళీ విప్పనవసరం లేని చోట్లకు తగినది. సిలికోన్‌ను స్నానపు తొట్టె అంచుకే పరిమితం చేయండి. బయటి అతుకుల్లో ఒకసారి పూశాక దాని జాడ ఉన్న చోట మరే సీలెంటూ పట్టదు, పూర్తిగా గోకి తీయడం చాలా శ్రమ. పాతది తీయకుండా పైపైన కొత్త సీలెంట్ గీత గీయడం ఏ రకంతోనూ పనిచేయదు. రెయిలు విప్పి, పాత మాస్టిక్ తీసి, తుప్పు పట్టిన స్క్రూలు మార్చి, కొత్తది పెట్టి బిగించాలి.

అడుగున బిటుమెన్ (తారు) పూత బాగుంటుందా అంటే, పొడి చెక్క మీద బాగుంటుంది, తడి చెక్క మీద హాని చేస్తుంది. లోపలి తేమను అది బంధిస్తుంది, పగిలిన చోట కొత్త నీరు దూరి పూత వెనుక నిలుస్తుంది. అందువల్ల అడుగు పొర 15 శాతం లోపు ఉన్నట్టు కొలిచి, పొడి రోజులు వరసగా వచ్చినప్పుడే పూయాలి. అంతవరకు ఊపిరాడనిచ్చే చెక్క రక్షక ద్రావణం చాలు.

వినైల్‌ను తిరిగి పరిచేటప్పుడు మరమ్మతు చేసిన మేర మీద జిగురుతో అతికించకుండా వదులుగా ఉంచండి. మొదటి ఏడాదిలో పెద్ద వానల తరువాత, తడి రోడ్డు మీద ప్రయాణం తరువాత, నీళ్ళు బాగా వాడిన సెలవుల తరువాత ఆ మూలను ఎత్తి, పాత పెన్సిలు గుర్తుల దగ్గరే మీటరు పెట్టి, కొత్త అంకెను తేదీతో పాత అంకె పక్కనే రాయండి.